కస్టమర్లు పంపే ఫొటోలను దుకాణం పేజీలో ఎలా వాడుకోవాలి: పచ్చళ్ల దుకాణం ఉదాహరణగా

‘కస్టమర్లు ఫొటోలు పంపుతూనే ఉన్నారు, మేము స్టేటస్‌లో పెడుతూనే ఉన్నాము, అయినా పేజీలో ఎవరూ పలకడం లేదు, ఏం చేయమంటారు?’ అని అడగని దుకాణదారు ఈ మధ్య నాకు ఎదురుకాలేదు. చీరల దుకాణం వారు, టిఫిన్ హోటల్ వారు, బేకరీ వారు, పచ్చళ్లు పెట్టి అమ్మేవారు దాదాపు ఇవే మాటల్లో అడుగుతున్నారు కాబట్టి, ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఉదాహరణలను పచ్చళ్ల దుకాణం నుంచి తీసుకున్నాను. ఆవకాయ విషయంలో సొంత అభిప్రాయం లేని తెలుగు ఇల్లు అరుదు, పేజీలో మాటలు పుట్టడానికి అంతకన్నా మంచి సరుకు ఉండదు. మీ వ్యాపారం వేరైనా చేయవలసిన క్రమం ఇదే.

పనిలోకి దిగేముందు ఒక్క సంగతి. కస్టమరు పంపిన ఫొటోను మనకు వచ్చిన ప్రశంసాపత్రంలా పేజీకి తగిలిస్తే, చూసినవారు ఒక లైకు కొట్టి వెళ్లిపోతారు. ఆ ఫొటోను చూసి ఇంకొక కస్టమరు ‘మా ఇంట్లో అయితే ఇలా’ అని చెప్పుకునే వీలు కల్పిస్తే, వారు మళ్లీ వస్తారు. కింద చెప్పినవన్నీ ఈ రెండో పని కోసమే.

కావలసినవి

- దుకాణానికి విడిగా ఒక ఫోను నంబరు, దాని మీద వాట్సాప్ బిజినెస్ యాప్.
- ఇన్‌స్టాగ్రామ్‌లో బిజినెస్ ఖాతా.
- గూగుల్ మ్యాప్స్‌లో మీ పేరు మీద ధ్రువీకరణ పూర్తయిన దుకాణం ప్రొఫైల్.
- ఒక నోటు పుస్తకం. అందులో ఆరు గడులు గీయండి: తేదీ, పంపినవారు, ఏమి పంపారు, అనుమతి ఎంతవరకు ఇచ్చారు, ఎక్కడ పెట్టాము, పెట్టిన సంగతి వారికి చెప్పామా. కంప్యూటర్ వచ్చినవారు ఎక్సెల్‌లో రాసుకోవచ్చు.
- రోజుకు అరగంట సమయం, ఆ అరగంట కూర్చునే మనిషి. ఆ మనిషి గల్లాపెట్టె దగ్గర ఉండేవారైతే మేలు. కస్టమర్లను ముఖం చూసి గుర్తుపట్టగలవారు రాసిన మాటకు వచ్చినంత బదులు, డబ్బిచ్చి బయట రాయించిన మాటకు రావడం నేను చూడలేదు.

ఖరీదైన కెమెరా, రింగ్ లైటు, పోస్టర్లు చేసే డిజైనరు అక్కర్లేదు.

1. ఇప్పటికే మీ దగ్గర ఉన్నదాన్ని ఏరండి

కొత్త ఫొటోల కోసం పోటీలు ప్రకటించకండి. ముందు మీ వాట్సాప్‌లో గత ఆరు నెలల సంభాషణలు వెనక్కి తిప్పండి. పార్సిలు అందిందని పంపిన ఫొటో, అన్నంలో కలుపుకున్న ముద్ద ఫొటో, ‘ఈసారి కారం కాస్త తగ్గింది’ అన్న వాయిస్ మెసేజ్, అమెరికాలోని కొడుకు ఫ్రిజ్‌లో మీ సీసా కనిపించిందని ఒక తల్లి పంపిన స్క్రీన్‌షాట్, ఇవన్నీ పనికొస్తాయి. తరువాత గూగుల్ రివ్యూలు, ఇన్‌స్టాగ్రామ్‌లో మిమ్మల్ని ట్యాగ్ చేసిన పోస్టులు చూడండి. దొరికిన ప్రతిదీ పుస్తకంలో ఒక వరుసగా రాయండి, కాని ఇంకా ఏదీ పోస్టు చేయకండి.

కౌంటరు దగ్గర నోటిమాటగా చెప్పినవి కూడా ఇందులో చేరతాయి. ‘మా అత్తగారు బతికి ఉన్నప్పుడు పెట్టిన మాగాయ ఇలాగే ఉండేది’ అని ఎవరైనా అంటే, వారు మెట్లు దిగేలోపు ఆ వాక్యాన్ని యథాతథంగా రాసుకోండి. సాయంత్రానికి అది ‘మాగాయ చాలా బాగుంది అన్నారు’ అని మారిపోతుంది, అప్పుడు దానితో పని లేదు.

2. అనుమతి అడగండి

అందరూ దాటవేసే అంచె ఇది. ఫొటో మీకు పంపారంటే మీరు చూడమని పంపారు, లోకానికి చూపించమని కాదు. నాకు తెలిసిన ఒక చీరల దుకాణం వారు, తమ దగ్గర కొన్న పట్టుచీర కట్టుకుని ఒక అమ్మాయి పంపిన ఫొటోను ఉత్సాహంగా అదే సాయంత్రం పేజీలో పెట్టారు. అది ఆమె నిశ్చితార్థం ఫొటో. ఇంకా పిలుపులు వెళ్లని బంధువులకు ఆ సంగతి దుకాణం పేజీ ద్వారా తెలిసింది. ఆ కుటుంబం గొడవ ఏమీ పెట్టుకోలేదు, ఆ దుకాణానికి రావడం మానేసింది. ఆ పేజీని నడపడంలో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి, ఇది మరచిపోలేదు.

అడగడానికి పెద్ద పత్రమేమీ అక్కర్లేదు. ఇలా రాస్తే సరిపోతుంది:

‘నమస్కారం అండీ. మీరు పంపిన ఆవకాయ జాడీ ఫొటో మా అందరికీ ఎంతో నచ్చింది. మీకు ఇష్టమైతే మా ఇన్‌స్టాగ్రామ్ పేజీలోనూ వాట్సాప్ స్టేటస్‌లోనూ పెడతాము. మీ పేరు, ఊరు రాయమంటారా, వద్దంటారా? పెట్టిన తరువాత ఎప్పుడు తీసేయమన్నా తీసేస్తాము. వద్దన్నా ఏమీ అనుకోము.’

ఇందులో నాలుగు విషయాలు ఉన్నాయి: ఏ ఫొటో, ఎక్కడెక్కడ పెడతారు, పేరు రాయాలా వద్దా, తరువాత మనసు మారితే ఏమిటి. ఈ నాలుగింటిలో ఏదీ వదలకండి. బదులు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు. ఒకసారి గుర్తు చేయండి, అప్పటికీ పలకకపోతే ఆ వరుస మీద అడ్డగీత గీయండి. ‘సరే’ అన్న బదులును స్క్రీన్‌షాట్ తీసి దాచండి.

స్టేటస్‌లో పెట్టుకోమన్న ఫొటోను ఫ్లెక్సీ మీద గాని, డబ్బు కట్టి నడిపే ప్రకటనలో గాని వాడాలంటే మళ్లీ అడగవలసిందే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సాధారణంగా ఫొటో మీద హక్కు తీసినవారిది. డబ్బిచ్చి తీయించుకున్నదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారిది. అందువల్ల ఫార్వర్డు అయి వచ్చిన ఫొటో విషయంలో ‘ఇది మీరు తీసిందేనా అండీ?’ అని అడగడం మరవకండి. ఫొటోలో పిల్లలు ఉంటే తల్లిదండ్రులు స్వయంగా ఒప్పుకోవాలి, బాబాయిలూ మేనత్తలూ ఒప్పుకుంటే చాలదు. వ్యక్తిగత డేటా పరిరక్షణ గురించి 2023లో వచ్చిన చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరైనా తమ స్టోరీలో మిమ్మల్ని ట్యాగ్ చేస్తే, దాన్ని మీ స్టోరీకి చేర్చుకునే మీట అక్కడే కనిపిస్తుంది. ఆ మీట ఉంది కదా అని నొక్కేయకుండా, ‘చేర్చుకోమంటారా?’ అని ఒక్క మెసేజ్ పెట్టండి. ఆ మెసేజ్‌తోనే మాట కలుస్తుంది.

3. వాడకూడనివాటిని పక్కన పెట్టండి

అనుమతి వచ్చినా కొన్ని వాడకూడదు. ప్రతి ఫొటోనూ వేళ్లతో పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. పార్సిలు ఫొటోల్లో కొరియర్ చీటీ మీద ఇంటి నంబరు, ఫోను నంబరు స్పష్టంగా కనిపిస్తాయి, వాటిని కత్తిరించండి. మార్కర్‌తో పైపైన గీసి వదిలేస్తే, వెలుతురు పెంచి చదివే వీలుంటుంది.

‘మీ కరివేపాకు కారం తిన్నప్పటి నుంచి షుగరు అదుపులోకి వచ్చింది’ వంటి మాటలను, కస్టమరు ఎంత ప్రేమగా రాసినా, మీ పేజీలోకి తేకండి. ఆహార పదార్థం రోగాన్ని తగ్గిస్తుందని ప్రచారం చేయడాన్ని ఆహార భద్రతా సంస్థ 2018 నిబంధనలు అనుమతించవు, తప్పుదోవ పట్టించే ఆహార ప్రకటనకు 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 53వ సెక్షను కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. మాట కస్టమరుదే అయినా, మీ పేజీలో పెట్టుకుంటే అది మీ ప్రచారం కిందికే వస్తుంది.

వేరే దుకాణాన్ని తక్కువ చేసిన మాటలు కూడా వద్దు. ‘ఎదుటి వీధి పచ్చడి కన్నా మీదే నయం’ అన్నది చదవడానికి తియ్యగానే ఉంటుంది, కాని ఆ ఎదుటి వీధి వారి కస్టమర్లే రేపు మీ మెట్లు ఎక్కవలసినవారు. వీడియోల్లో వెనక టీవీలో సినిమా పాట వినిపిస్తుంటే శబ్దం తీసేయండి, పాటల హక్కుల చిక్కు వ్యాపార ఖాతాలకు ఎక్కువ. పాట లేకపోతే మాత్రం ఉన్న శబ్దాన్ని అలాగే ఉంచండి. మామిడికాయ టెంకతో సహా రెండు ముక్కలయ్యేటప్పుడు కత్తిపీట చేసే చప్పుడుకు ఏ సంగీతమూ సాటిరాదు.

4. వారి మాటను వారి మాటగానే ఉంచి, చివర ఒక ప్రశ్న వేయండి

పేజీ బతకడమూ చావడమూ ఇక్కడే తేలుతుంది. ఒక ఫొటో తీసుకుందాం: పాత పింగాణీ జాడీ, దానికి తెల్లని గుడ్డతో వాసెన కట్టి ఉంది, పక్కన ఒక పెద్దావిడ చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి. ఎక్కువమంది దీని కింద ఇలా రాస్తారు:

‘మా కస్టమరు ఆనందం! నాణ్యతకు మారుపేరు మా పచ్చళ్లు. మీరూ ఇప్పుడే ఆర్డర్ చేయండి!’

దీన్ని చదివినవారికి బదులు చెప్పడానికి ఏమీ మిగలలేదు. దీని బదులు ఇలా రాయండి:

‘ఈ జాడీ వీరి ఇంట్లో మూడు తరాలుగా ఉందట. మూత ఎప్పుడో పగిలిపోయింది, అప్పటి నుంచి పాత పంచె చింపి వాసెన కడుతున్నారు. మా దగ్గర ముక్కలు కొట్టించుకుని, కారం మాత్రం ఇంట్లో దంచుకున్నారు. మీ ఇంట్లో మూడో రోజు తిరగకలిపేటప్పుడు ఉప్పు చూసేది ఎవరు?’

రెండో దానిలో మీ సరుకు గురించి ఒక్క పొగడ్త లేదు. అయినా మీ దగ్గర ముక్కలు కొట్టి ఇస్తారని చదివినవారికి తెలిసింది, ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక జవాబు ఉన్న ప్రశ్న చివర ఉంది. ‘మా నాయనమ్మ, ఇప్పుడు నేను’ అని ఒకరు రాస్తారు. ‘మా ఇంట్లో మగవాళ్లే కలుపుతారు’ అని ఇంకొకరు అంటారు. వెల్లుల్లి వేస్తే అది ఆవకాయే కాదని ఒకరు, అల్లం వెల్లుల్లి ముద్దా జీలకర్రా లేకపోతే మాకు ముద్ద దిగదని తెలంగాణ నుంచి ఒకరు వాదించుకుంటారు. ఆ వాదన మీ పేజీలో జరిగితే మీకు కావలసింది జరిగినట్టే, మీరు తీర్పు చెప్పకండి.

ప్రశ్న వేసేటప్పుడు మూడు జాగ్రత్తలు ఉన్నాయి. ‘మీకు ఆవకాయ ఇష్టమేనా?’ అన్నదానికి అవును తప్ప జవాబు లేదు కాబట్టి అటువంటిది పనికిరాదు. ‘మీ చిన్ననాటి జ్ఞాపకాలు పంచుకోండి’ అన్నది మరీ పెద్దది, ఫోను పట్టుకుని బస్సులో నిలబడినవారు దానికి బదులు రాయలేరు. ఒక మనిషి పేరో, ఒక వస్తువో, ఒక కొలతో జవాబుగా వచ్చే ప్రశ్న అడగండి. మొదటి జవాబు మీ ఇంటివారి చేత రాయించి మోసం చేయకండి, ఊళ్లో వారు పేర్లు గుర్తుపడతారు. దాని బదులు మీ జవాబును మీ పేరుతోనే ముందుగా రాయండి.

కస్టమరు భాషను దిద్దకండి. ‘మస్తు జబర్దస్త్ ఉంది’ అన్నదాన్ని ‘అద్భుతంగా ఉన్నది’ అని మార్చితే అది వారి మాట కాకుండా పోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపితే తెలుగు లిపిలోకి మార్చవచ్చు గాని, మాట మారకూడదు.

5. ఏది ఎక్కడ పెట్టాలి

వాట్సాప్ స్టేటస్ 24 గంటలు ఉంటుంది, ఒకరి నంబరు ఒకరు సేవ్ చేసుకున్నవారికే కనిపిస్తుంది. కాబట్టి ఊళ్లోని పాత కస్టమర్లకు అది సరైన చోటు. బిల్లు ఇచ్చేటప్పుడే నంబరు సేవ్ చేసుకోమని చెప్పండి. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ కూడా 24 గంటలకే పోతుంది, బాగున్నవాటిని హైలైట్స్‌లో చేర్చి ‘మీ జాడీలు’ వంటి పేరు పెట్టండి. ప్రశ్న ఉన్నవి మాత్రం పోస్టుగానే పెట్టాలి, ఎందుకంటే జవాబులు రెండు మూడు రోజులపాటు వస్తూ ఉంటాయి.

వాట్సాప్ గ్రూపు విషయంలో ఒక హెచ్చరిక. గ్రూపులో 1024 మంది వరకు చేరవచ్చు, కాని చేరిన ప్రతి ఒక్కరి నంబరూ మిగతావారికి కనిపిస్తుంది. కస్టమర్లను, ముఖ్యంగా ఆడవారిని, అడగకుండా గ్రూపులో చేర్చితే మరునాటి నుంచి అపరిచితుల మెసేజ్‌లు వస్తాయి, ఆ నింద మీ మీదే పడుతుంది. కబుర్లు అందించడమే పని అయితే వాట్సాప్ ఛానల్ చాలు, అందులో చేరినవారి నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. గ్రూపే కావాలనుకుంటే లింకు ఇచ్చి, ఇష్టమున్నవారిని చేరనివ్వండి.

6. జవాబులు వచ్చిన తరువాత

ప్రతి జవాబుకూ చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకోకండి. ‘మీ నాయనమ్మగారిది ఏ ఊరండీ?’ అని ఒక చిన్న మాట వేయండి. ఇద్దరు కస్టమర్ల జవాబులు కలిసే చోట వారిని కలపండి: ‘పైన ఒకరు పెసరావకాయ గురించే చెప్పారు, చూశారా?’ వారు మాట్లాడుకోవడం మొదలయ్యాక మీరు తప్పుకోండి. దుకాణదారు ప్రతి మాటకూ అడ్డు వస్తుంటే కస్టమర్లు బెరుకుగా ఉంటారు.

వారం చివర మంచి జవాబులు ఐదారు ఏరి, రాసినవారిని మళ్లీ అడిగి, వాటినే తరువాతి పోస్టు చేయండి. ‘ఉప్పు చూసేది ఎవరని అడిగాము, మీరు చెప్పినవి ఇవి’ అని పెడితే, తమ మాటను మీరు చదివారని వారికి తెలుస్తుంది. కొత్త ఫొటోలు అడగకుండానే రావడం అక్కడి నుంచి మొదలవుతుంది. మంచి ఫొటోలను ప్రింటు తీయించి దుకాణం గోడకు పెట్టండి, పంపినవారు చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చి చూపిస్తారు.

7. అడిగి తెప్పించుకోవాలంటే

పార్సిల్‌లో ఒక చిన్న చీటీ వేయండి: ‘సీసా తెరిచాక మొదటి ముద్ద ఎవరు తిన్నారు? ఫొటో పంపండి.’ ‘మాకు ఫొటోలు పంపండి’ అని ఊరికే అడిగితే ఎవరికీ ఏం తీయాలో తోచదు. మామిడికాయ కాలంలో ముక్కలు కొట్టించుకోవడానికి జనం వరుసలో నిలబడే చోటనే చీటీ అంటించండి, అక్కడ వారికి పని ఉండదు, చేతిలో ఫోను ఉంటుంది.

బహుమతుల విషయంలో జాగ్రత్త. గూగుల్ రివ్యూ రాస్తే పావుకిలో పచ్చడి ఉచితం అనడం గూగుల్ నియమాలకు విరుద్ధం, సంతోషించినవారిని మాత్రమే ఏరి రివ్యూ అడగడం కూడా అంతే. రివ్యూలు తొలగించవచ్చు, ప్రొఫైల్‌కే ఇబ్బంది రావచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టమని ఎవరికైనా ఉచితంగా సరుకు ఇస్తే, ఆ సంగతి పోస్టులో స్పష్టంగా రాయాలని ప్రకటనల స్వీయ నియంత్రణ మండలి 2021 నుంచి చెబుతోంది. అసలు నన్నడిగితే బహుమతి ముందుగా ప్రకటించకపోవడమే మంచిది. ఫొటో పంపినవారు తరువాత దుకాణానికి వచ్చినప్పుడు, ఒక చిన్న పొట్లం చేతిలో పెట్టి ‘మీ జాడీ చాలామందికి నచ్చిందండీ’ అంటే అది వేరుగా ఉంటుంది.

8. ఫిర్యాదు వస్తే

‘బూజు పట్టింది’ అని ఫొటోతో సహా ఎవరైనా పేజీలో రాస్తే, ఆ వ్యాఖ్యను తొలగించకండి. ‘మీరు తడి గరిటె పెట్టి ఉంటారు’ అని అసలే రాయకండి. అది నిజమే కావచ్చు, అయినా పదిమందిలో కస్టమరును దోషిగా నిలబెట్టినట్టవుతుంది. అదే రోజున, అందరికీ కనిపించేలా, క్షమించమని చెప్పి సీసా మీది తయారీ తేదీ అడగండి. మిగతా మాటలు ఫోనులో మాట్లాడండి. పరిష్కారం అయ్యాక అదే వ్యాఖ్య కింద ఏం చేశారో ఒక వాక్యం రాయండి. పేజీలో మనుషుల మధ్య పరిచయం ఏర్పడి ఉంటే, ‘నూనె పైకి తేలేలా ఉంచి చూడండమ్మా’ అని వేరే కస్టమరే సలహా చెబుతారు, ఆ మాటకు మీ మాటకన్నా విలువ ఎక్కువ.

ఫలితం ఎలా చూసుకోవాలి

లైకులు లెక్కపెట్టకండి. నెలకు ఒకసారి పుస్తకం తెరిచి ఈ నాలుగు చూసుకోండి.

- మీకు కాకుండా వేరే కస్టమరుకు బదులు ఇచ్చిన వ్యాఖ్యలు ఎన్ని ఉన్నాయి? మొదటి నెలలో ఇవి సున్నా అయినా కంగారు పడకండి, మూడో నెలలోనూ సున్నాయే అయితే మీ ప్రశ్నలు సరిగా లేవు, నాలుగో అంచెకు తిరిగి వెళ్లండి.
- అడగకుండా వచ్చిన ఫొటోలు పెరిగాయా?
- ఒకే మనిషి రెండోసారి పంపారా? కొత్తవారు పదిమంది పంపడంకన్నా పాతవారు ఇద్దరు మళ్లీ పంపడం మంచి గుర్తు.
- కౌంటరు దగ్గర ఎవరైనా పేజీలోని సంగతి ఎత్తారా? ‘ఆ పంచె గుడ్డ వాసెన జాడీ వారు మన వీధివారేనా?’ అని అడిగితే, ఆ తేదీని పుస్తకంలో రాసి పెట్టండి.

అనుమతి గడి ఖాళీగా ఉన్న వరుస ఒక్కటైనా పోస్టు అయి ఉంటే, మిగతా లెక్కలు చూసే ముందు దాన్ని తీసేసి, ఆ కస్టమరుకు ఫోను చేయండి.